స్పీకరు గారు దిగిపోయిన శనివారం

పోయిన నెల కాకినాడలో పళ్ళ డాక్టరు గారి వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉండగా, గోడమీది టీవీలో ఒక తెల్లజుట్టు అమెరికా ఆయన కనిపించాడు. టీవీకి శబ్దం కట్టేసి ఉంది. ఆయన మాత్రం ఎదుట ఎవరో కాదంటుంటే తాను అవునంటున్నట్టు చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. బుగ్గలు జారాయి గానీ ఆ చెయ్యి ఊపడం మారలేదు. నేను కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. పేర్లు పిలిచే అమ్మాయి అది గమనించి, "భయపడకండి అంకుల్, పన్ను తీసేటప్పుడు అస్సలు తెలీదు" అంది. పన్నుకి కాదమ్మా, ఆయనకి అని టీవీ చూపించాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, "ఎవరో ముసలాయన కదండీ" అంది. నిజమే. ఒకప్పుడు ఆ ముసలాయన కుర్చీలో ఉంటాడా దిగిపోతాడా అన్నదాని మీద, నా భార్యా, నా రెండేళ్ళ కూతురూ, నేనూ కువైట్‌లో ఉండడం ఆధారపడి ఉండేదని చెబితే, ఆ అమ్మాయి డాక్టరు గారితో చెప్పి మత్తుమందు కాస్త ఎక్కువ వేయించేది. అందుకని చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల మధ్యలో నేను కువైట్ సిటీలో, కోల్డ్ స్టోరేజీ సామాన్లు తెప్పించి అమ్మే ఒక కంపెనీలో టైపిస్టుని. అంతకుముందు రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చేశాను. ఈ రెంటికీ సంబంధం లేదని మీరనుకుంటారు, నేనూ మొదటి నెల అలాగే అనుకున్నాను. మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకుంటానని ఆ దేశ ప్రభుత్వానికి పూచీ ఇచ్చిన యజమాని, యాభై దాటిన మనిషి. ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. కుర్రతనంలో అమెరికా దక్షిణాన ఏదో కాలేజీలో రెండేళ్ళు చదివి, డిగ్రీ లేకుండా, అక్కడి రాజకీయాల మీద పిచ్చితో తిరిగి వచ్చాడు. ఒకసారి తమ దేశపు మజ్లిస్, అంటే పార్లమెంటు, ఎన్నికల్లో నిలబడి కొద్దిలో ఓడిపోయాడు. మళ్ళీ నిలబడాలని ఉండేది. నా దరఖాస్తులో ఎమ్మే పక్కన 'పాలిటిక్స్' అన్న మాట చూసి, టైపు వేగం ఎంతో అడగకుండానే ఉద్యోగం ఇచ్చాడు. అది నా అదృష్టం, ఎందుకంటే నా టైపు వేగం గురించి చెప్పుకునేంత ఏమీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఆ చెయ్యి ఊపే ఆయన స్పీకరయ్యాడు. మన దగ్గర స్పీకరంటే అందరినీ కూర్చోమని బతిమాలే ఆయన. అక్కడ స్పీకరంటే అందరినీ నిలబెట్టే ఆయన. ఈయన పూర్వం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునేవాడట. ఎన్నో ఏళ్ళు వెనక బెంచీలో కూర్చుని ఎదుటి పార్టీ వాళ్ళని తిట్టడం అనే ఒక్క పనే శ్రద్ధగా చేశాడు. చివరికి చెయ్యబోయే పనులన్నీ కాగితం మీద రాసి, తన పార్టీ వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి, నలభై ఏళ్ళుగా ఓడిపోతున్న పార్టీని ఆ సభలో గెలిపించాడు. దేశంలో సగంమంది ఆయన ఫొటో గోడకి పెట్టుకున్నారు, మిగతా సగంమంది ఆయన పేరు వింటే పళ్ళు నూరారు. మధ్యలో ఉన్నవాళ్ళంటూ ఎవరూ మిగలలేదు. బడ్జెట్ దగ్గర ప్రెసిడెంటుతో పంతం పట్టి ప్రభుత్వ ఆఫీసులు మూతపడేదాకా లాగాడు. మా పెద్దాయనకి అది తెగ నచ్చింది. "వాడు సారీ చెప్పడు, ఉస్తాద్" అనేవాడు నాతో. ఎమ్మే చదివాను కాబట్టి నన్ను ఉస్తాద్ అనేవాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "జీతాలు ఆపించిన మనిషి గొప్ప నాయకుడేంటండీ" అంది. కువైట్‌లో ఆయన మీద నేను విన్న విమర్శల్లో అదే సూటైనది.

నా అసలు పని వారానికి ఒక కాగితం. అమెరికా పత్రికలు నాలుగైదు రోజులు ఆలస్యంగా, అక్కడక్కడ సెన్సారువాళ్ళు నల్లసిరా పూసిన పేజీలతో వచ్చేవి. అవి చదివి, స్పీకరు గారు ఆ వారం ఎవరితో పోట్లాడాడో, ఎవరు ఆయనతో పోట్లాడారో ఒక పేజీలో ఇంగ్లీషులో టైపు కొట్టి ఇవ్వాలి. మంగళవారం సాయంత్రం నమాజు అయ్యాక పెద్దాయన ఇంటి ముందు హాల్లో దివానియా నడిచేది. గోడవెంబడి పరుపుల మీద పాతికమంది మగవాళ్ళు వరసగా కూర్చుని, టీ తాగుతూ లోకం సంగతులు మాట్లాడుకునే సభ అన్నమాట. పెద్దాయన నా కాగితాన్ని అరబ్బీలోకి మార్చి చదివేవాడు. సందేహాలొస్తే తీర్చడానికి నేను గుమ్మం పక్కన ఫైలు పట్టుకుని నిలబడేవాణ్ణి. యూనివర్సిటీలో మా ప్రొఫెసరు గారు, రాజనీతిశాస్త్రం చదివినవాడు ఏదో ఒక రోజు అధికారానికి దగ్గరగా నిలబడతాడు అనేవారు. ఆయన చెప్పింది ఈ గుమ్మం గురించే అయ్యుండాలి.

పెద్దాయనకి కుడిపక్కన ఎప్పుడూ ఆయన బాబాయి కొడుకు కూర్చునేవాడు. మన వరస ప్రకారం తమ్ముడే కాబట్టి తమ్ముడుగారు అంటాను. సన్నటి మనిషి, మాట పైకి రాదు. ఎన్నికల పనీ, ఆఫీసులో కాగితాల పనీ ఆయనదే. మా అందరి పాస్‌పోర్టులూ ఆయన సొరుగులో ఉండేవి. ఆ దేశంలో ఉండనిచ్చే ముద్ర, అదే ఇఖామా, గడువు తీరేలోగా కొత్తది వేయించి తెచ్చేది ఆయనే. ఆయన గదికి ఒక పద్ధతి ఉండేది. కాగితం ఏదీ మన దగ్గరికి రాదు. మనమే వెళ్ళాలి. కూర్చోవాలి. టీ వస్తుంది, తాగాలి. ఇంట్లో అందరి ఆరోగ్యం గురించీ ఆయన అడుగుతాడు, మనం అడగాలి. అప్పుడు పని సంగతి ఎత్తితే 'బుక్రా' అంటాడు, రేపు అని. రేపు మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ టీ. మూడోసారి సొరుగు తెరుచుకుంటుంది. అది ఆలస్యం కాదు, మర్యాద అని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. అర్థమయ్యాక కూడా గుర్తుంచుకోలేకపోవడం నా చదువు మహిమ.

మేము హవల్లీలో మూడో అంతస్తులో, ఒకే వంటిల్లున్న ఫ్లాట్‌లో మరో కుటుంబంతో కలిసి ఉండేవాళ్ళం. ఆ పక్కగదిలో కోనసీమ అన్నయ్య. ఏసీ మెకానిక్కు. గల్ఫుకి రాకముందు ఊళ్ళో పంచాయతీ వార్డు మెంబరుగా నెగ్గి, మూడేళ్ళకి సొంత పార్టీ వాళ్ళ చేతిలోనే దిగిపోయినవాడు. స్పీకరు గారి కథ నేను చెబుతుంటే, చపాతీ పిండి పిసుకుతూ తన పంచాయతీతో పోల్చి తీర్పు చెప్పేవాడు. "ఆయ్, బయటోడు కొడితే నాయకుడు పడడండి. పక్కనోడు కాస్త జరుగుతాడు చూడండి, అప్పుడు పడతాడండి" అనేవాడు. నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతే పాతిక పేజీల్లో ఉంది, ఇంత బాగా లేదు.

తొంభై ఎనిమిది ఆగస్టు ఆఖరున పెద్దాయన ఒక ప్రత్యేకమైన కాగితం అడిగాడు. నవంబరులో అమెరికా ఎన్నికలు. మన స్పీకరు సంగతి ఏమవుతుందో రాయి, వచ్చే మంగళవారం చదువుతాను అన్నాడు. అంతకుముందు ఏడాదే స్పీకరు గారి సొంత మనుషులు కొందరు గూడుపుఠాణీ చేసి ఆయన్ని దింపబోయి భంగపడ్డారు. అది రాశాను. ఈసారి సీట్లు తగ్గితే మళ్ళీ ప్రయత్నిస్తారు, ఈసారి ఊరుకోరు అని రాశాను. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. ముగింపు చప్పగా ఉందనిపించి, అన్నయ్య మాట ఇంగ్లీషులో పెట్టి జత చేశాను: 'ఇటువంటి నాయకుణ్ణి శత్రువు పడగొట్టడు, కుడిపక్కన కూర్చునేవాడు పడగొడతాడు.' పక్కన అన్నదాన్ని కుడిపక్కన చేసింది నేనే. వాక్యానికి అందం వస్తుందని.

మంగళవారం పెద్దాయన అది చదివాడు. చివరి వాక్యం అరబ్బీలో పలికాక హాల్లో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పాతికమందీ చూడకూడదనుకుంటూనే ఒకే వైపు చూశారు. పెద్దాయన తాపీగా తన కుడిపక్కకి తిరిగి, "ఇక్కడ కూర్చున్నది ఎవరబ్బా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడుగారి చేతిలో తస్బీ, అదే జపమాల, పూసలు కదలడం మానేశాయి. ఆయనా నవ్వాడు, అందరికంటే ఆఖర్న. గుమ్మం దగ్గర నేను ఫైలుని రెండు చేతులతో పట్టుకున్నాను. పాకిస్తానీ వంటాయన నా వెనకనుంచి, "మాస్టర్‌జీ, ఈ రోజు ఏం రాశారు?" అని గుసగుసగా అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. అప్పటికి అది నిజం.

మర్నాడు మెట్ల మీద తమ్ముడుగారు ఎదురయ్యాడు. ఎప్పటిలాగే ముందు పాప ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. తరవాత, గొంతు కొంచెం కూడా పెంచకుండా, "నీ కాగితం నిజమైతే ఆయన నన్ను అనుమానిస్తాడు. అబద్ధమైతే నిన్ను పంపించేస్తాడు. నీకేది కావాలి?" అన్నాడు. జవాబు కోసం కాసేపు ఆగాడు కూడా. ఆయన దిగి వెళ్ళిపోయాడు. మా ముగ్గురి ఇఖామా గడువు సెప్టెంబరు నెలాఖరుకి తీరుతుంది. ముగ్గురి పాస్‌పోర్టులూ ఆయన సొరుగులో ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని చదువుకున్న తెలుగువాడు మాత్రమే చెయ్యగలడు. ఆయన గదికి వెళ్ళి కూర్చోడానికి భయపడి, అర్జీ పెట్టాను. పక్కగదిలో ఉన్న మనిషికి, సవినయంగా మనవి చేసుకుంటూ, గడువు తేదీలు వరసగా వేసి, టైపు కొట్టి, కవరులో పెట్టి, అంటించి, ఆయన లేనప్పుడు బల్ల మీద పెట్టి వచ్చాను. కార్బన్ కాపీ నా దగ్గర దాచుకున్నాను. మన ఊళ్ళలో కరెంటు స్తంభం ఒరిగినా, పింఛను ఆగినా ముందు అర్జీ, తరవాతే మనిషి. మా నాన్నగారు మునసబు కోర్టులో గుమాస్తా. 'నోటిమాట గాలికి పోతుందిరా, కాగితం ఉండిపోతుంది' అని చెప్పి పెంచారు. ఉండిపోతుంది అన్నది పూర్తిగా నిజమని నాకు తరవాత తెలిసింది. రెండు వారాలకి జవాబు రాకపోతే రెండో అర్జీ పెట్టాను. దాంట్లో మొదటి అర్జీ తేదీ కూడా వేశాను.

అక్టోబరు వచ్చింది. గడువు తీరిపోయింది. ఇఖామా లేకుండా హవల్లీలో ఉండడం ఎలా ఉంటుందంటే, వీధి అదే, దుకాణాలు అవే, మనమొక్కళ్ళమే పలచబడిపోయినట్టు ఉంటుంది. సాయంత్రాలు రోడ్డు మలుపులో పోలీసులు నిలబడి కాగితాలు చూసేవాళ్ళు. అన్నయ్య పనినుంచి వస్తూ, ఏ మలుపులో ఉన్నారో కిందనుంచి ఏసీ రిపేరు భాషలో అరిచేవాడు: "పెద్ద షాపు దగ్గర గ్యాసు లీకవుతోందండీ." ఆ రోజు మేము గుమ్మం దాటేవాళ్ళం కాదు. బస్సు మానేసి సందుల్లోంచి ఆఫీసుకి నడిచేవాణ్ణి. చెమటకి చొక్కా తడిసిపోతే, ఆరోగ్యం కోసం నడుస్తున్నానని ఆఫీసులో చెప్పాను. అకౌంటెంటు ఈజిప్టు ఆయన మెచ్చుకుని, తనూ నడుస్తానన్నాడు.

ఒక మధ్యాహ్నం పాపకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళితే ముందు గుర్తింపు కార్డు అడుగుతారు, ఇఖామా తీరిపోతే అదీ చెల్లదు. మా ఆవిడ తడిగుడ్డ మార్చుతూ, "ఆయన గదికి వెళ్ళి అడగచ్చు కదా" అంది. అర్జీ పెట్టానన్నాను. "మనిషిని అడగమంటున్నాను" అంది. రేపు అన్నాను. ఆమె గుడ్డ పిండి, "మీరూ ఆయన మాటే నేర్చుకున్నారు" అంది. మందుల షాపులో మలయాళీ ఆయన మొహమాటపడి ఒక సిరప్పు ఇచ్చాడు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి సాయంత్రందాకా కూర్చున్నాను. జ్వరం తగ్గింది గానీ, నా చెయ్యి తీయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

వీటికితోడు ఉత్తరాన ఉన్న పొరుగుదేశం వైపునుంచి మళ్ళీ యుద్ధం మాట వినిపించడం మొదలైంది. సైరన్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి పగలు మోగించేవారు. విషవాయువు లోపలికి రాకుండా జనం కిటికీలకి అంటించే టేపులు కొంటున్నారు, నేనూ కొన్నాను. మా ఆవిడా, అన్నయ్య భార్యా కలిసి ఒక గది కిటికీని అంచులన్నీ మూసేశారు. అన్నయ్య వచ్చి చూసి, "అన్నీ ఇలా మూసేస్తే బాంబు దాకా ఎందుకండీ, రేప్పొద్దుటికే మనం ఉండం" అని ఒక మూల టేపు ఊడదీశాడు. మిగతావాళ్ళు క్షిపణులకి భయపడుతుంటే, అమెరికాలో ఓట్ల లెక్కింపుకి భయపడుతున్న మనిషి మొత్తం కువైట్‌లో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఎందుకంటే అప్పటికే నేను కాగితాల్లో స్పీకరు గారిని కాపాడడం మొదలుపెట్టాను. ఆయన కుర్చీలో నిలిస్తే నా ఆగస్టు వాక్యాన్ని అందరూ మరిచిపోతారనీ, తమ్ముడుగారు సొరుగు తెరుస్తాడనీ నా ఆశ. ఆయన బలంగా ఉన్నాడని రాశాను. సీట్లు పెరుగుతాయని రాశాను. అది అంత పెద్ద అబద్ధమూ కాదు, ఆయనా అలాగే చెప్పుకుంటున్నాడు. సొంత మనుషుల సణుగుడు ఉన్న పేజీలు మాత్రం నా ఫైలు దాకా రాలేదు. నల్లసిరా పూసేవాళ్ళ పని ఎంత సులువో అప్పుడు తెలిసింది. పెద్దాయన ఆ కాగితాలూ చదివాడు. మంగళవారం మంగళవారం తమ్ముడుగారు కుడిపక్కనే కూర్చుని వినేవాడు. నా వైపు చూసేవాడు కాదు. నేనూ ఆయన వైపు చూడకుండా, గోడమీది గడియారంలో సెకన్ల ముల్లుని చూసేవాణ్ణి.

నవంబరు మొదటివారం ఎన్నికలు జరిగాయి. స్పీకరు గారి పార్టీకి సీట్లు పెరగలేదు, కొన్ని పోయాయి. మూడు రోజులు ఏమీ కాలేదు. శనివారం ఉదయం రేడియో పెట్టాను. స్పీకరు పదవికి ఇక పోటీ చేయనని ఆయన ప్రకటించాడు. సొంత పార్టీలోనే, నిన్నటిదాకా ఆయనతో పనిచేసినవాడే, పోటీకి నిలబడ్డాడట. నాలుగేళ్ళపాటు దేశాన్ని రెండుగా చీల్చిన మనిషి కథ నాలుగు వాక్యాల్లో ముగించి, రేడియోవాళ్ళు వాతావరణం చెప్పారు. గిన్నెలు కడుగుతున్న అన్నయ్య, "చెప్పానాండీ, జరిగాడు" అన్నాడు సంతోషంగా. నా మొహం చూసి కుళాయి కట్టేశాడు. "ఈ రోజు సెలవు పెట్టండి" అన్నాడు. సెలవు కోరడానికీ అర్జీ కావాలి, దాన్ని తీసుకునేది తమ్ముడుగారే అని చెప్పాను.

ఆఫీసుకి వెళ్ళేసరికి పెద్దాయన పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆగస్టుది, ఒకటి పోయిన మంగళవారానిది.

"రెండూ నువ్వే కొట్టావు. నువ్వు నమ్మింది ఏది?"

"మొదటిది సార్."

"మరి రెండోది ఎందుకు రాశావు?"

"భయపడి సార్."

"ఎవరికి?"

నిజానికి ఇద్దరికీ. కానీ ఎదురుగా కూర్చున్నవాడికే భయపడ్డానని చెప్పడానికి వేరే రకం ధైర్యం కావాలి. నేను ఊరుకున్నాను. పెద్దాయన నా ఊరుకోవడాన్ని కాసేపు చదివి, "నీ ఇఖామా ఎక్కడుంది?" అన్నాడు.

అక్కడ నేను, తమ్ముడుగారి సొరుగులో ఉంది, ఆయన గదికి వెళ్ళి ఇంకా అడగలేదు సార్ అనవచ్చు. అదే సరైన జవాబు. పాప నుదురు గుర్తొచ్చింది. జేబులోంచి రెండు కార్బన్ కాపీలూ తీసి, మడతలు సాఫుచేసి, ఆ రెండు కాగితాల పక్కన పెట్టాను. "రెండుసార్లు రాసి అడిగాను సార్. జవాబు లేదు" అన్నాను. ప్రతి అక్షరమూ నిజం.

పెద్దాయన తమ్ముడుగారిని పిలిపించాడు. అరబ్బీలో ఏదో అన్నాడు, కాపీలు ఆయన ముందుకి తోశాడు. తమ్ముడుగారు వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చదివాడు. తరవాత పెద్దాయనతో కాదు, నాతో అన్నాడు: "నువ్వు నా గదికి రాలేదు." పెద్దాయన 'ఖలాస్' అన్నాడు. చాలు, అయిపోయింది అని. ఒకే తాత మనవలు, నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఒక్క మాటతో అయింది. తమ్ముడుగారు తాళాలు బల్లమీద పెట్టి, నా పక్కనుంచే నడిచి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు.

ఒక గంట తరవాత అకౌంటెంటు ఆ సొరుగు తెరిచి నన్ను పిలిచాడు. మా మూడు పాస్‌పోర్టులూ రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. తెరిచి చూస్తే మూడింట్లోనూ కొత్త ముద్ర, సంతకం, రెండేళ్ళ గడువు. వేయించి పది రోజులైంది. వాటి కింద నా రెండు కవర్లూ ఉన్నాయి, అంటించినవి అంటించినట్టే. పక్కగదిలోవాడు కవరు పంపితే అది పోట్లాటకో, రాజీనామాకో అనుకుని ఆయన తెరవలేదేమో. లేక నేనే వచ్చి, కూర్చుని, టీ తాగి అడగాలని ఎదురు చూశాడేమో. ఈజిప్టు ఆయన, "మబ్రూక్, కాగితాలొచ్చాయి" అని అభినందించి చెయ్యి కలిపాడు.

పెద్దాయన గది తలుపు తెరిచే ఉంది. నేను నిలబడ్డ చోటినుంచి పన్నెండు అడుగులు. పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్ళి, సార్, పొరపాటైంది, ఆయన పని ఎప్పుడో పూర్తి చేశాడు అంటే సరిపోయేది. రెండు అడుగులు వేశాను కూడా. మరి ఈ రోజు పొద్దున్న ఏం చెప్పావు అంటాడు. కొత్త ముద్రని కొట్టేయించడం ఆయనకి ఒక్క సంతకం పని. వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చుని, కంప్రెసర్ల ధరల పట్టిక టైపు కొట్టాను. ఆ రోజు ఒక్క తప్పు కూడా పడలేదు.

ఇంట్లో మా ఆవిడ ముద్రలు చూసి దణ్ణం పెట్టుకుంది. తరవాత తేదీ చూసింది. ఆమె లెక్కలో నాకంటే చురుకు. "మరి ఆయనతో చెప్పారా?" అంది. లేదన్నాను. ఆమె పాస్‌పోర్టులు బీరువాలో చీరల కింద పెట్టి, పాపకి అన్నం కలిపింది. అన్నయ్య మాత్రం నన్ను ఓదార్చాడు. "ఆయన్ని మీరు తీయించలేదండి. తీయాలని పెద్దాయనకి ముందే ఉందండి. మీరు తాడు అందించారంతే" అన్నాడు. మంచి మనిషి. ఓదార్పు అంతకంటే బాగా ఉండవలసిందని ఆయనకీ తెలుసు.

మరుసటి ఎన్నికల్లో పెద్దాయన నిలబడి, మళ్ళీ ఓడాడు. సొంతవాళ్ళే ముంచారని దివానియాలో చెప్పుకున్నాడు. కుడిపక్క పరుపు ఖాళీగానే ఉండేది, దాని మీద కూర్చోమన్నా ఎవరూ కూర్చోలేదు. అమెరికా మీద ఆయన మోజు తగ్గింది. నా వారం కాగితం ఆగిపోయి, నేను పూర్తిగా టైపిస్టునైపోయాను.

తొమ్మిదేళ్ళ తరవాత, మేము కువైట్ వదిలి వచ్చేసే ఏడాది, హవల్లీ సహకార సంఘం దుకాణంలో టమాటాలు ఏరుకుంటుంటే పక్కన ఒక సన్నటి చెయ్యి కనిపించింది. తమ్ముడుగారు. గడ్డం తెల్లబడింది. పారిపోయే వీలు లేదు, వెనక ట్రాలీలు. ముందు పాప ఎలా ఉందని అడిగాడు. ఆరో తరగతి అన్నాను. తరవాత టమాటాని వెలుతురులోకి ఎత్తి చూస్తూ, నిన్నటి సంగతి చెబుతున్నట్టు అన్నాడు: "ఆ ఏడు మీ పెళ్ళి సర్టిఫికెట్ మీద ఇఖామా ఆఫీసువాళ్ళు అభ్యంతరం పెట్టారు. నాలుగుసార్లు వెళ్ళాను. నీతో చెబితే భయపడతావని చెప్పలేదు." నేను 'షుక్రన్' అన్నాను, థాంక్స్ అని. ఆ మాటకి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ శనివారం పెద్దాయనతో నేనన్న అబద్ధం కాని మాట గురించీ, ముద్రలు చూశాక కూడా దాన్ని దిద్దకపోవడం గురించీ అప్పుడైనా తమ్ముడుగారితో చెప్పాల్సింది. ఆయన అప్పటికే ఉల్లిపాయల వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజు మెట్ల మీద 'నీకేది కావాలి?' అన్నది బెదిరింపు అని నేను అన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ గొంతులో ఉన్నది నా గొంతులో ఉన్నదే. ఇద్దరు భయస్థులు ఒక మెట్టు మీద ఎదురుపడి, ఒకరినొకరు పెద్దపులి అనుకున్నారు.

స్పీకరు గారు ముసలాయనైపోయాడు. నేనూ అంతే, పళ్ళు కూడా వెళ్ళిపోతున్నాయి. ఆనాటి భయం కూడా నాతోపాటు పెద్దదై, వంగిపోయి, ఎక్కడైనా ఎదురుపడితే ఎవరో ముసలాయన కదా అనిపించేలా ఉంది. ఆ భయంలో నేను పెద్దాయన బల్లమీద పెట్టిన రెండు కార్బన్ కాపీలకి మాత్రం వయసు రావడం లేదు. అవి పెట్టిన చెయ్యికి ఇప్పటికీ ముప్ఫై నాలుగేళ్ళే.